ఢిల్లీలో వలసలు, పౌరసత్వం

విదేశీ వలసదారులు ఢిల్లీలో స్థిరపడి భారత పౌరులైన ఆధునిక చరిత్ర దేశ విభజనతో మొదలవుతుంది. 1941లో సుమారు 9.2 లక్షలున్న ఢిల్లీ జనాభా 1951 నాటికి 17.4 లక్షలకు చేరింది. అందులో పశ్చిమ పాకిస్తాన్ నుంచి వచ్చిన శరణార్థులే దాదాపు 5 లక్షలు. కింగ్స్‌వే క్యాంపు వంటి శిబిరాల్లో తలదాచుకున్న వీరికోసం లాజ్‌పత్ నగర్, రాజేంద్ర నగర్, పటేల్ నగర్ వెలిశాయి.

వీరిని పౌరులను చేసింది దీర్ఘకాల నివాసంతో వచ్చే సహజీకరణ కాదు, రాజ్యాంగమే. అవిభక్త భారత మూలాలుండి, 1948 జూలై 19కి ముందే వచ్చి ఇక్కడ నివసిస్తున్నవారిని 6వ అధికరణం నేరుగా పౌరులుగా గుర్తించింది. ఆ తర్వాత వచ్చినవారు ఆరు నెలల నివాసం చూపి పేరు నమోదు చేయించుకోవాల్సి ఉండేది. రాజ్యాంగంలో చాలా భాగం 1950 జనవరి 26 దాకా ఆగింది కానీ, పౌరసత్వ అధికరణాలు 1949 నవంబరు 26నే అమల్లోకి వచ్చాయి. లక్షలమంది శిబిరాల్లో ఉండగా వాటిని ఆపడం కుదిరే పని కాదు.    చదువుకోవడానికి వచ్చే తెలుగువారూ ఢిల్లీకి వలసదారులే, కాకపోతే దేశమంతటికీ ఒకటే పౌరసత్వం కాబట్టి వారికి ఈ కాగితాల బెడద లేదు.

దీర్ఘకాల నివాసంతో పౌరసత్వం కోరే సహజీకరణకు ఆధారం 1955 పౌరసత్వ చట్టం. మొదట్లో మొత్తం ఐదేళ్ల నివాసం చాలేది. 1986 సవరణ దాన్ని పదేళ్లకు, 2003 సవరణ పన్నెండేళ్లకు పెంచాయి. జన్మతః పౌరసత్వమూ బిగుసుకుంది: 1987 జూలై 1 నుంచి ఇక్కడ పుట్టడం ఒక్కటే సరిపోదు. ఢిల్లీలోని మజ్నూ కా టీలాలో ఉండే టిబెటన్లకు ఈ తేదీయే కీలకం. అంతకుముందు భారత్‌లో పుట్టిన టిబెటన్ మహిళ పౌరురాలేనని ఢిల్లీ హైకోర్టు 2010లో తేల్చింది.

2019 సవరణ పాకిస్తాన్, బంగ్లాదేశ్, అఫ్ఘానిస్తాన్‌ల నుంచి 2014 చివరిలోగా వచ్చిన ఆరు మతాలవారికి నివాస కాలాన్ని చివరి ఏడాదితో కలిపి ఆరేళ్లకు దించింది. ముస్లింలను వదిలేశారన్న అభ్యంతరంతో ఢిల్లీలోని షాహీన్ బాగ్‌లో 2020 మార్చి వరకు నిరసన సాగింది. నియమాలు 2024 మార్చిలో వెలువడ్డాయి. మే 15న కేంద్ర హోం కార్యదర్శి ఢిల్లీలో 14 మందికి తొలి పత్రాలు అందించారు. మయన్మార్ నుంచి వచ్చిన రోహింగ్యాల వంటివారు ఈ పరిధిలోకి రారు. వారి చేతిలో ఉండేది ఐక్యరాజ్యసమితి శరణార్థి సంస్థ ఇచ్చే కార్డు. దానితో పౌరసత్వం రాదు.