కృష్ణ కన్న నేల: దివిసీమ

మహాబలేశ్వరము కొండలలో పుట్టిన కృష్ణానది సుమారు 1,300 కిలోమీటర్లు నడచి, విజయవాడ వద్ద రెండు కొండల నడుమ నుండి మైదానములోనికి వచ్చును. ఆ పిమ్మట దానికి అడ్డు చెప్పు కొండ గాని, గట్టు గాని లేదు. అటు తరువాత సుమారు 60 కిలోమీటర్ల దిగువను, అవనిగడ్డకు చేరువనున్న పులిగడ్డ కడ, నది రెండు పాయలుగా చీలును. ఒక పాయ తూర్పుగా సాగి హంసలదీవి వద్ద సాగరమును కలియుచున్నది. పెద్ద పాయ నాగాయలంక ప్రక్కగా దక్షిణమునకు పోయి, మరల చీలి, ఎదురుమొండి మొదలగు లంకలను చుట్టుకొని కడలిలో పడుచున్నది. ఈ రెండు పాయలకును సముద్రమునకును నడుమ చిక్కిన నేలయే దివి. సంస్కృతమున ద్వీపమన్నది తెలుగున దీవియై, దివియై నిలిచినది. స్వర్గమునకును ఇదే పేరుండుటచే కవులు శ్లేషకు పూనుకొనవచ్చును గాని, ఊరివాని నోట దివి యనగా నీరు చుట్టిన నేల మాత్రమే.

పూర్వపు దివితాలూకా ఈ లంకతో ఆగలేదు. పాయకు ఈవలి గట్టుననున్న మోపిదేవి, చల్లపల్లి, ఘంటసాల, శ్రీకాకుళము మున్నగు గ్రామములును అందులోనివే. మొత్తము సీమను ఒక చివర నుండి మరియొక చివరకు త్రవ్వి చూచినను సహజముగా పుట్టిన రాయి దొరకదు. ఇదంతయు నది తెచ్చి పోసిన ఒండ్రు. ఇక్కడి గుడిలో కంబమైనను, స్తూపమునకు పొదిగిన పలకయైనను ఎగువ నుండి వచ్చినదే కావలయును. దివి చరిత్రను చదువువారు ఈ సంగతి మరువరాదు.

మొదట ఘంటసాలను చూతము. గాయకులు ఘంటసాల వేంకటేశ్వరరావుగారి ఇంటిపేరుగా ఈ మాట ఎరుగనివారు లేరు. ఊరిగా ఎరిగినవారు తక్కువ. క్రీస్తుశకము 2వ శతాబ్దిలో గ్రీకు భూగోళవేత్త టాలమీ ఆంధ్రతీరమునందలి పట్టణములను పేర్కొనుచు కంటకొస్సిల అను ఒక రేవును చెప్పెను. నాగార్జునకొండ శాసనమొకటి కంటకసెల యందలి మహాచైత్యమును ప్రస్తావించుచున్నది. ఈ రెండును నేటి ఘంటసాలయే యని పండితుల నిర్ణయము. ఊరి దిబ్బలో బౌద్ధస్తూపమున్నదని 19వ శతాబ్దిలో గుర్తించిరి. అలెగ్జాండర్ రీ దానిని త్రవ్వించెను. అమరావతి శిల్పములకు సాటివచ్చు పలకలు అందు దొరకినవి. అచ్చటి శాసనములలో ఒకదానియందు మహానావికుడు శివకుడను వాని పేరు కలదు. రాజుల పేర్లు శాసనములకు కొత్త కాదు. ఓడ నడపినవాడొకడు తన పేరును రాతిపై నిలుపుకొనెనన్న, ఆ రేవు ఎంతటి కలిమి గలదో ఊహింపవచ్చును. నేడు ఘంటసాలలో నిలిచి చూచినచో సముద్రము కనబడదు, వరిచేలు కనబడును. సముద్రము వెనుకకు పోయినదని జనులందురు. నిజమునకు పోయినది సముద్రము కాదు, వచ్చినది నేల. ఏటేట వరద తెచ్చిన మట్టి రేవును పూడ్చి, తీరమును ముందునకు త్రోసివేసెను. రేవును పోషించిన నదియే రేవును మింగినది.

ఘంటసాలకు సమీపముననే కృష్ణయొడ్డున శ్రీకాకుళము కలదు. ఉత్తరాంధ్రలోని శ్రీకాకుళము వేరు, ఇది వేరు. ఆంధ్రుల తొలి రాజధాని ఇదియే యను ప్రతీతి బహుకాలముగా ఉన్నది. దానిని నిలబెట్టు గట్టి ఆధారము మాత్రము దొరకలేదు. ఇచ్చటి ఆంధ్రమహావిష్ణువు మాత్రము సాహిత్యచరిత్రలో చిరస్థాయియై యున్నాడు. కళింగ దండయాత్రకు పోవుచు శ్రీకృష్ణదేవరాయలు ఇచ్చట విడిసెననియు, స్వామి కలలో కనబడి తెలుగున కావ్యము వ్రాయుమని ఆజ్ఞాపించెననియు ఆముక్తమాల్యద అవతారికలో కలదు. కన్నడరాజ్యమేలిన ప్రభువు చేత తెలుగు కావ్యమును వ్రాయించిన దైవము ఈ మట్టిపైనే వెలసెను. తరువాతి కాలమున పెదప్రోలు నివాసియగు కాసుల పురుషోత్తమకవి ఇదే స్వామిని నిందాస్తుతితో నిలదీసి ఆంధ్రనాయకశతకమును చెప్పెను.

ఇక కాకతీయుల కాలమునకు వత్తము. దివి చరిత్రలో నాకు మిక్కిలి ఆసక్తి కలిగించు ఘట్టమిది. వెలనాటి చోళుల అధికారము సన్నగిల్లిన రోజులలో దివిని అయ్యవంశము వారు ఏలుచుండిరి. 1199లో ఓరుగల్లు సింహాసనమెక్కిన గణపతిదేవుడు తీరముపై దండెత్తి దివిని జయించెను. అప్పటి దివి ప్రభువు పినచోడి. గెలిచినవాడు ఓడినవానిని నిర్మూలించుట ఆనాటి మర్యాద. గణపతి అట్లు చేయలేదు. పినచోడి కుమార్తెలగు నారమను, పేరమను వివాహమాడి, వారి సోదరుడైన జాయనను వెంట గొనిపోయెను. ఆ బాలుని గుండామాత్యునికి అప్పగించి నృత్యవిద్య నేర్పించెను. పెద్దవాడైన పిదప అతనిని గజసాహిణిగా, అనగా ఏనుగుదళమునకు అధిపతిగా నియమించెను. శత్రువులను గోధుమల వలె పిండిచేయు తిరుగలి యను అర్థము గల వైరిగోధూమఘరట్ట బిరుదు ఇతనిదే. చేబ్రోలులో తండ్రి పేర చోడేశ్వరాలయమును, సొంతసీమయగు దివిలో తన ప్రభువు పేర గణపేశ్వరాలయమును కట్టించెను. గణపేశ్వరమునందలి 1231 నాటి శాసనమే ఈ వంశకథను మనకు తెలుపుచున్నది.

ఏనుగులను నడపిన ఈ సేనాని 1253-54 ప్రాంతమున సంస్కృతమున నృత్తరత్నావళి యను గ్రంథమును రచించెను. అందు ఎనిమిది అధ్యాయములు. మొదటి నాలుగును మార్గనృత్యమునకు సంబంధించినవి. అవి భరతుని బాటలోనివి. తక్కిన నాలుగును దేశినృత్యములు. పేరణి, చిందు, కోలాటము మొదలగువానిని, అనగా ఊళ్లలో జనులాడు ఆటలను, ఆ పండితుడు శాస్త్రముగా నిబంధించెను. చిందు త్రొక్కువానిని చూచి మొగము త్రిప్పుకొను పండితులు ప్రతి కాలమునను ఉందురు. జాయన అట్టివాడు కాడు. 20వ శతాబ్దిలో నటరాజ రామకృష్ణగారు పేరిణిని మరల రంగమునకు తెచ్చుటకు ఈ పుస్తకమే దారి చూపినది.

ఆ దివితాలూకాలోనిదే కూచిపూడి. జాయన గ్రంథమునకును కూచిపూడి భాగవతులకును నేరుగా ముడివేయుటకు ఆధారములు చాలవు. వేయుట న్యాయము కాదు. మాచుపల్లె కైఫీయతులో మాత్రము కూచిపూడి వారి ప్రసక్తి కలదు. సిద్ధవటము సీమలో సమ్మెట గురవరాజు అను పాలకుడు ప్రజలను చిత్రహింసలు పెట్టుచుండగా, భాగవతులు విజయనగరమునకు పోయి, వీరనరసింహరాయల ఎదుట ఆ దురంతమును కేళికగా ఆడి చూపిరట. అర్జీ వ్రాయుటకు బదులు ఆడి చూపిన అర్జీ అది. గోలకొండ నవాబు అబుల్ హసన్ తానీషా వారికి అగ్రహారమిచ్చెనని పరంపరగా చెప్పుదురు. కూచిపూడికి చేరువనే మొవ్వ యున్నది. 17వ శతాబ్దిలో తంజావూరు విజయరాఘవనాయకుని కొలువు వరకు వెళ్లిన క్షేత్రయ్య పదములలో పలికిన మువ్వగోపాలుడు ఈ ఊరి వేణుగోపాలుడే యని సంప్రదాయజ్ఞుల మాట.

ఐరోపావారి కథను త్వరగా ముగింతము. 1611లో ఆంగ్లేయులు బందరున దిగిరి. 18వ శతాబ్ది నడుమ బందరు కోసము ఫ్రెంచివారును వారును పెనగులాడిరి. బందరు ప్రక్కనున్న దివిపైనను ఇరువురి కన్నును పడెను. 1759లో ఫోర్డు బందరుకోటను పట్టుకొనుటతో ఆ వివాదము తీరినది. సీమలో అధికభాగము చల్లపల్లి జమీందారుల క్రింద నుండి, 1948 నాటి ఎస్టేటు రద్దుచట్టముతో రైతుల పాలైనది.

వీనికంటె నీటి కథ ముఖ్యమైనది. 1855లో విజయవాడ ఆనకట్ట పూర్తియైన తరువాత డెల్టా కాలువలు పచ్చబడినవి. అయినను దివిలంక పాయకు ఆవలనుండుటచే కాలువనీరు దానికి అందలేదు. చుట్టును నీరే, త్రాగుటకు గాని, దున్నుటకు గాని పనికివచ్చునది కొంచెము. నుయ్యి లోతుగా త్రవ్విన ఉప్పునీరు పడును. 20వ శతాబ్ది తొలినాళ్లలో చమురుయంత్రములతో నదినీటిని ఎత్తిపోసి లంకలో సేద్యము సాగించిరి. తరువాత పులిగడ్డ వద్ద పాయ మీదుగా అక్విడక్టు కట్టి కాలువనే ఆవలికి దాటించిరి. నది పైనుండి నది నీరే కాలువయై పోవు ఆ వింతను చూడగోరువారు నేటికిని అచ్చట చూడవచ్చును.

ఇక సముద్రము మాట. 1864 నవంబరు 1 రాత్రి బందరు తీరమున లేచిన ఉప్పెన 13 అడుగుల ఎత్తున లోనికి వచ్చి, సుమారు 30,000 మందిని పొట్టపెట్టుకొనెను. నూటపదమూడేండ్ల తరువాత, 1977 నవంబరు 19న, అదే తీరమున దివి వంతు వచ్చెను. అల తాటిచెట్టు ప్రమాణమని చూచినవారు చెప్పిరి. 5 మీటర్లకు పైబడినదని కొలిచినవారు వ్రాసిరి. నాగాయలంక దిగువనున్న సొర్లగొంది వంటి పల్లెలు ఊడ్చిపెట్టుకొని పోయినవి. మొత్తముమీద 10,000 మందికి పైగా మరణించిరి. బ్రతికినవారిని చేరుటకును పాయలు అడ్డము, బల్లకట్టులు కొట్టుకొనిపోయినవి.

దివికే ఇంతటి దెబ్బ తగులుటకు కారణము కలదు. మన అర్ధగోళమున తుఫాను గాలి గడియారపు ముల్లునకు ఎదురుదిశగా తిరుగును. అందుచే తుఫాను తీరము దాటు చోటికి కుడివైపున గాలి సముద్రమును నేలపైకి నెట్టును. ఎడమవైపున నేలనుండి కడలివైపు వీచును. 1977లో తుఫాను చీరాల ప్రాంతమున తీరము దాటినది. దివి దానికి కుడిచేతి వైపుననున్నది. రెండవది సముద్రపు లోతు. వేల ఏండ్లుగా కృష్ణ పోసిన మట్టి వలన ఇచ్చటి కడలి చాలదూరము వరకు లోతు లేనిది. లోతైన చోట క్రిందికి జారిపోగల నీరు ఇక్కడ జారుటకు తావులేక పైకి లేచును. నేలను కన్న మట్టియే ఉప్పెనకును మెట్టువేసినది.

1990 మే నెలలో మరియొక పెనుతుఫాను కృష్ణాముఖముల వద్దనే తీరము దాటినది. అప్పటికి ఉపగ్రహముల చూపు, గట్టి తుఫాను షెల్టర్లు, రేడియో హెచ్చరికలు ఉన్నవి. లక్షల మందిని ముందుగనే తరలించిరి. రాష్ట్రమంతటను మరణించినవారు వేయిమందికి లోపు. ఒక్క ప్రాణము పోయినను లోటే. కాని 1977తో పోల్చినచో, పెట్టె ముందు కూర్చుండి వాతావరణ సమాచారము విన్న ప్రతి ఇల్లును ఆ తేడాలో పాలుపంచుకొన్నదని చెప్పుట అతిశయోక్తి కాదు.

నేటి చిక్కు వేరొకటి. 1967లో నాగార్జునసాగరము, తరువాత శ్రీశైలము జలాశయము వచ్చిన పిదప నది తెచ్చు మట్టిలో పెద్దభాగము ఎగువనే నిలిచిపోవుచున్నది. నీటికి ఆనకట్ట కట్టినవారు మట్టికిని కట్టినట్లయినది. రెండువేల ఏండ్లుగా ముందునకు జరిగిన తీరము ఇప్పుడు కొన్ని తావుల వెనుకకు కోసుకొనిపోవుచున్నది. కాలువ చివరి పొలములకు ఎండకాలమున ఉప్పు ఎగదన్నుచున్నది. వరిచేలు కొన్ని చేపల చెరువులు, రొయ్యల చెరువులు అయినవి. ఉప్పెన జోరును కొంత అణచగల మడ అడవులు హంసలదీవి నుండి లంకల వరకు ఇంకను నిలిచియున్నవి. వానిలో కొంతభాగము 1989లో ప్రకటించిన కృష్ణా అభయారణ్యము హద్దులలో కలదు. పెనుమూడి వారధి వచ్చినందున బల్లకట్టు అక్కర తగ్గినది. హంసలదీవికి పోవు యాత్రికులు సంగమస్నానమునకు దిగునపుడు, కాకి మునిగి హంసయైన కథను పెద్దలు నేటికిని పిల్లలకు చెప్పుచుందురు. ఆ ప్రక్కనే బెస్తవాండ్రు వలలు సరిచేసుకొనుచు, కడలి ఈ ఏడు ఎన్ని బారలు లోనికి వచ్చినదో ఒడ్డుననున్న సరుగుడు మోళ్లను బట్టి లెక్కకట్టుచుందురు.