వీరగాథాలక్షణములు – అల్లూరి సీతారామరాజు చరిత్రము

పురాణవీరుల చరిత్రములు దేశదేశములయందు నొకే యచ్చున పోసినట్లుండుట విమర్శకు లెరిగినదే. వియన్నావాసి యగు ఆటో రాంకు 1909లోను, ఆంగ్లేయుడగు రాగ్లను ప్రభువు 1936లోను ఈ పోలికలను ప్రోవుచేసిరి. రాగ్లను లెక్కకు లక్షణములు 22. గూఢజననము, పరగృహమున పెంపకము, దుష్టసంహారము, వింతచావు, సమాధినిగూర్చిన సందేహము వానిలో ముఖ్యములు. ఏటిపాలయిన కర్ణుడును, రేపల్లెలో పెరిగిన కృష్ణుడును మనకు వెంటనే స్ఫురింతురు. తల్లిని వెదకికొనుచు పోయి, చిలుకయందు దాగిన మాయలఫకీరు ప్రాణమును హరించిన బాలనాగమ్మ కొడుకును ఈ కోవలోనివాడే.

ఇట్టి గాథలకు మూలము చరిత్రము గాదనియు, ప్రాచీనకర్మకాండయే యనియు రాగ్లను సిద్ధాంతము. దీనికి భీమవరమున కనతిదూరమున నున్న మోగల్లు అల్లూరివారి బిడ్డ చరిత్రము మంచి యొరగల్లు. కాలము దగ్గరిది, ప్రభుత్వపత్రములు నిలిచియున్నవి. 1922 ఆగస్టు 22న చింతపల్లి, 23న కృష్ణదేవిపేట, 24న రాజవొమ్మంగి ఠాణాలు కొల్లపోయినవి. సెప్టెంబరు 24న దామనపల్లియొద్ద స్కాటు కవర్డు, హైటరు అను దొరలు కూలిరి. 1924 మే 7న కొయ్యూరున రామరాజు కాల్పబడెను.

ఇందు గాథాలక్షణము లెన్ని? చిన్ననాడే తండ్రి గతించుట నిజము. 1916లో నారంభించిన యుత్తరదేశయాత్రయు, సన్న్యాసివేషమును నిజములే. ఆయన మేనికి తుపాకిగుండ్లు తాకవను నమ్మకము గుండ్లు పేలుచున్న నాడే మన్యమున పుట్టినది. తరువాతి కవుల కల్పన గాదు. చచ్చినవాడు రామరాజు గాడను వదంతియు వెంటనే బయలుదేరెను. జన్మస్థానము పాండ్రంగియా, మోగల్లా యను తగవు నేటికిని తెగలేదు. నాయిక మాత్రము కొరవడగా, ఆ లోపమును 1974నాటి చలనచిత్రము సీత యను ప్రేయసిచే పూరించెను! కావున లక్షణములు కొన్ని నిజముగ నుండవచ్చును, కొన్ని బ్రతికియుండగనే యంటుకొనవచ్చును, కొన్ని యేబదియేండ్లకు చేరవచ్చును. గాథ కుదిరినంత మాత్రమున మనుష్యుడు లేడనుట తొందరపాటు.

అయినను గాథ యూరక చేర్చుటయే కాదు, త్రోసివేయుటయు గలదు. చరిత్రవిద్యార్థులు జాగరూకులై చూడవలసిన దిదియే. 1882నాటి మద్రాసు అటవీచట్టము కొండవారి పోడుసాగును కట్టివేసినది. నర్సీపట్నము–చింతపల్లి బాటపనిలో వారికి కూలి సరిగా ముట్టలేదు. ఆ పని చేయించిన గూడెము డిప్యూటీ తహసీల్దారు బాస్టియను కథలో రాక్షసస్థానమున చక్కగ నిలిచెను. చట్టమునకు ముఖము లేదు. కావున కథలో నది యడుగంటెను.

మరియు గాథ యొక్కనినే కోరును. 2022 జూలై 4న భీమవరమున నావిష్కరింపబడిన 30 అడుగుల కంచువిగ్రహము రామరాజున కొక్కనికే. గాము గంటన్నదొర, మల్లుదొర యను సోదరులు లేక యా పోరాటము సాగియుండదు. అందు మల్లుదొర చిక్కి, చిరకాలము చెరననుభవించి, విడుదలయై, 1952లో విశాఖపట్టణమునుండి స్వతంత్రుడుగ లోకసభకు ఎన్నికయ్యెను. రాగ్లను పట్టికలో నిట్టి ముగింపునకు చోటు లేదు.