చిత్రశాలయు కర్మశాలయు: రెండు విద్యల చదువునకు గల పూర్వకథ

కుంచె పట్టిన చేతికి లెక్కల పుస్తకము పనికిరాదనియు, లెక్కలు వ్రాయు చేతికి కుంచె దక్కదనియు మనవారిలో నొక అపోహ బలముగా నాటుకొని యున్నది. చిత్రకళ యభ్యసింతునని కుమారుడో కుమార్తెయో పలికిన దినమున ఇంటిలో మౌనము క్రమ్మును. "కూడు పెట్టు చదువు చదివిన పిమ్మట కళ సంగతి చూచుకొనవచ్చును" అని పెద్దలందురు. ఈనాటి పిల్లలు దీనికి బదులుగా క్రొత్తమాట యొకటి చెప్పుచున్నారు: కళలయందొక పట్టము, కళను జీవికగా మలచు పరిశ్రమలయందు మరియొక పట్టము, రెండును ఒకే కాలమున సంపాదింతుమని. దీనినే డబుల్ డిగ్రీ యనుచున్నారు. పెద్దలకిది వింతగా తోచును. కాని చరిత్ర నించుక తిరుగవేసి చూచినచో వింత యిందు లేదు. ఈ రెండు విద్యలును విడిపోవుటయే వింత. ఆ విడిపోయిన కథను, మరల కలియుటకు జరిగిన ప్రయత్నముల కథను ఇచట సంగ్రహముగా చెప్పదలచితిని.

మాతృభూమిని వీడి పొరుగుసీమలకు వచ్చి స్థిరపడిన మన పూర్వులలో ననేకులు చేతిపని నేర్చినవారే. షోలాపురమున మగ్గములు నిలిపిన పద్మశాలీలు తెలుగువారు. గంజాము సీమలోని బరంపురమున పట్టు నేసిన దేవాంగులు తెలుగువారు. తంజావూరు చిత్రములను వ్రాసిన రాజు కుటుంబములవారు విజయనగర సామ్రాజ్యము కూలిన పిమ్మట తెలుగునాటినుండి దక్షిణమునకు తరలినవారని చెప్పుదురు. తంజావూరు పటమునొకదానిని తలచుకొనుడు. పనస పలకపై గుడ్డ నంటించవలెను. సుద్దను జిగురుతో కలిపి మెత్తి, ఉబ్బెత్తు పనిని తీర్చవలెను. అద్దపు రాళ్లు పొదుగవలెను. బంగారు రేకు నతికింపవలెను. అటుపిమ్మట కుంచెతో దేవతామూర్తికి కన్నులు తెరువవలెను. ఆ చిత్రకారుడు వడ్రంగి పని కొంత, కంసాలి పని కొంత, పురాణజ్ఞానము మెండుగ నెరిగినవాడై యుండెను. వెలగట్టుటయు, దాతతో మాటలాడి ఒప్పించుటయు ఆతనికి తెలిసియుండవలెను గదా!

కలంకారీ వస్త్రమును చూడుడు. మొదట గుడ్డను కరక్కాయ నీటిలోను పాలలోను ముంచి ఆరవేయుదురు. బెల్లపు నీటిలో తుప్పు పట్టిన ఇనుమును పులియబెట్టిన కషాయముతో నల్లని గీతలు తీయుదురు. పటిక పట్టించినచోట చిరివేరు ఎరుపెక్కును, పట్టింపనిచోట ఎక్కదు. నీలికి వేరొక విధానము. కాళహస్తి పనివారు గుడికట్టు గుడ్డలపై రామాయణ భారత కథలను గడులు గడులుగా వ్రాసి, ప్రతి గడికిని కథాసూచనగా తెలుగు అక్షరములను వ్రాయుట ఆచారము. రంగుల శాస్త్రమొకటి, రేఖాలేఖన మొకటి, కథాజ్ఞాన మొకటి, అక్షరజ్ఞాన మొకటి: ఇన్ని విద్యలొక్క చాపమీద కూర్చుండి నేర్చిరి. వారికెవ్వరును పట్టములీయలేదు. కాని వారు నేర్చినది రెండు విద్యలకు తక్కువ కాదు.

ఈ కూడిక పందొమ్మిదవ శతాబ్దిలో చెదరెను. యంత్రవస్త్రము వచ్చి బందరు అద్దకపు బేరమును దెబ్బతీసెను. అటువంటి కాలముననే, 1850లో, అలెగ్జాండరు హంటరు అను ఆంగ్ల వైద్యుడు మద్రాసు నగరమున సొంత వ్యయముతో నొక కళాపాఠశాలను తెరచెను. 1851లో దానికి తోడుగా పరిశ్రమల పాఠశాల నొకదానిని చేర్చెను. 1855లో ప్రభుత్వము ఈ సంస్థను తన క్రిందికి తీసికొనెను. పాఠశాల పేరులోనే పరిశ్రమయు కళయు జంటగా నిలిచెను. హంటరు ఉద్దేశము స్పష్టమైనది: గీయుట నేర్చినవాడు కుండలు చేయుట, చెక్కుట, అచ్చువేయుట కూడ నేర్చి తన యన్నము తాను సంపాదింపవలెను. నేటివారు డబుల్ డిగ్రీ యనుచున్న దానికి మన దక్షిణదేశమున నాటిన తొలి విత్తనమిది యనిన తప్పులేదు.

కాని విత్తనము నాటినంతనే చెట్టు కాదు. ఆ పాఠశాల చరిత్ర యంతయు రెండు పక్షముల పెనుగులాటగా నడచెను. 1884 మొదలు కొన్నియేండ్లు అధ్యక్షుడుగా నుండిన హావెల్ దొర మన చేతిపనుల విలువను గుర్తించి, వాటి నుద్ధరింపవలెనని పాటుపడెను. ఆతని పిమ్మట వచ్చిన చాటర్టను పరిశ్రమవైపు మొగ్గెను. ఆ చిత్రశాల యందే, 1898 ప్రాంతమున, అల్యూమినియము పాత్రలు చేయు విభాగమును నెలకొల్పెను. పని బాగుగా సాగి, కొన్నియేండ్లకు ప్రైవేటు కంపెనీ చేతికి పోయెను. నేడు మన వంటిండ్లలో మ్రోగు తేలికపాత్రలకు ఈ దేశమున మొదటి పుట్టినిండ్లలో నొకటి చిత్రకళాపాఠశాల యనిన నమ్మువారెందరు? ఇటు చూచిన నది గొప్ప విజయము. అటు చూచిన, బొమ్మ గీయ వచ్చినవానిచే గిన్నెలు కొట్టించుట. కళకు పరిశ్రమ తోడగునా, యజమాని యగునా అను ప్రశ్న నాడే పుట్టినది. నేటికిని తెగలేదు.

బొంబాయి నగరమున 1857లో మొదలైన సర్ జె. జె. పాఠశాల కథయు నిట్టిదే. అచటను చిత్రలేఖనమునకు తోడు, 1891లో రీ ప్రభువు పేర పనిశాలలు వెలసెను. ఈ పాఠశాలకే 1916లో మన రాజమహేంద్రవరపు దామెర్ల రామారావు వెళ్లెను. పంపినవాడు రాజమహేంద్రవర కళాశాలాధ్యక్షుడైన ఆస్వల్డు కూల్డ్రే. చదువులో సామాన్యుడుగా కనబడు బాలుని చేతిలోని రేఖను కనుగొని, వాని మార్గము వేరని గ్రహించిన గురువాయన. రామారావు బొంబాయిలో పేరు గాంచి స్వస్థలమునకు వచ్చి, శిష్యులను చేర్చుకొని చిత్రకళను నేర్పెను. 1925లో, ఇరువదియెనిమిదవ యేట, పరమపదించెను. మహారాష్ట్రమున నివసించు మన సోదరులు ఆ పాఠశాల ముందుగా నడచునప్పుడు ఈ తెలుగు బాలుని నొక్కసారి స్మరింతురు గాక!

ఆంధ్రదేశమున ఈ రెండు విద్యలను బుద్ధిపూర్వకముగా నొక్కచోట కూర్చిన సంస్థ బందరులోని ఆంధ్ర జాతీయ కళాశాల. కోపల్లె హనుమంతరావు, ముట్నూరి కృష్ణారావు, భోగరాజు పట్టాభి సీతారామయ్యగార్లు దీనికి మూలపురుషులు. 1910లో తెరచిన ఈ కళాశాలలో సారస్వతము చదువు విద్యార్థి చేతిపని కూడ నేర్వవలెనని నియమము. గుమాస్తాలను తయారుచేయు చదువునకు బదులుగా తన కాళ్లపై తాను నిలుచు మనుష్యుని తయారుచేయుట వారి సంకల్పము. వంగదేశమునుండి ప్రమోదకుమార ఛటర్జీ వచ్చి చిత్రకళ నేర్పెను. ఆయన శిష్యులలో అడివి బాపిరాజుగారొకరు. బాపిరాజుగారు బి. ఎల్. పట్టము పొందిన న్యాయవాది. చిత్రకారుడు, కవి, "నారాయణరావు", "హిమబిందు" నవలల కర్త. చలనచిత్రములకు కళాదర్శకత్వము నెరపెను, పత్రిక నడపెను. ఆ జాతీయ కళాశాలకే కొంతకాలము అధ్యక్షుడుగా నుండెను. కళయు, కళావృత్తియు ఒక్క మనిషిలో నెట్లు కలియగలవో ఆయన జీవితమే చూపినది. అయినను ఒక సంగతి మరువరాదు. ఆయన లా పట్టము ఇంటివారి కోరిక తీర్చినదేమో గాని, ఆయనకు కీర్తి నిచ్చినది మాత్రము రెండవ విద్యయే.

మరల మద్రాసునకు వత్తము. 1929లో దేవీప్రసాద రాయ చౌదరిగారు ఆ పాఠశాలాధ్యక్షులై 1957 వరకు నుండిరి. మెరీనా తీరమున నిలిచియున్న శ్రమవిజయ శిల్పము వారిదే. వారి కాలమున చిత్రము, శిల్పము ప్రధానమయ్యెను. చేతిపనులు వెనుకకు తగ్గెను. ఉత్తమ చిత్రకారులు తయారైరి. నాగలాపురమున బాల్యము గడిపిన మన కె. శ్రీనివాసులుగారు ఆ పాఠశాలలో చదివి, పల్లె బొమ్మల రేఖను తన చిత్రములలోనికి తెచ్చుకొని, కళాక్షేత్రమున చిరకాలము చిత్రకళ బోధించిరి. కాని చదువు ముగించిన యువకులకెల్లరకు ఉపాధ్యాయ పదవులు దొరకవు గదా? 1957లో అధ్యక్షులైన కె. సి. ఎస్. పణిక్కరుగారు ఈ చిక్కును కన్నులార చూచిరి. వారి ప్రోత్సాహమున యువ చిత్రకారులు బాతిక్ వస్త్రములు మొదలగు చేతిపనులుచేసి విక్రయించి, ఆ సొమ్ముతో సముద్రతీరమున నేల కొని, 1966లో చోళమండల కళాకారుల గ్రామమును నిర్మించుకొనిరి. ఉదయము బాతిక్, సాయంకాలము చిత్రము. ఒకటి కడుపు నింపెను, రెండవది జీవితమును నింపెను. ఏ విశ్వవిద్యాలయమును దీనికి డబుల్ డిగ్రీ యని పేరు పెట్టలేదు.

అదే మద్రాసులో తెలుగు చలనచిత్ర పరిశ్రమ మరియొక విద్యాలయముగా నుండెను. 1957లో వెలువడిన "మాయాబజారు"లోని మయసభల వంటి రంగములను కట్టించినవారు గోఖలే, కళాధర్ అను కళాదర్శకులు. వీరిలో మాధవపెద్ది గోఖలే చిత్రకారుడే గాక మంచి కథకుడు. బాపుగారు 1955లో మద్రాసు విశ్వవిద్యాలయమున లా పట్టము పొంది, కోర్టు మెట్లెక్కక, పత్రికలకు బొమ్మలు వేసి, ప్రకటనల సంస్థలలో పనిచేసి, 1967లో "సాక్షి"తో దర్శకులైరి. ఆయన చేతివ్రాత నేడు కంప్యూటరు అచ్చక్షరమై తెలుగు పత్రికలలో వెలుగుచున్నది. ఒక చేతివ్రాత పరిశ్రమ యగుట యనగా నిదియే.

ఇక ఈ చదువునకు వచ్చిన క్రొత్త పేరు సంగతి. ఆస్ట్రేలియా ప్రభుత్వము 1994లో ప్రకటించిన సాంస్కృతిక విధానము, కళలు దేశమునకు ధనమును కూడ తెచ్చునని ఎత్తి చెప్పెను. బ్రిటిషు ప్రభుత్వము 1998లో "సృజనాత్మక పరిశ్రమలు" అను పేర 13 శాఖలను లెక్కించెను. ప్రకటనలు, వాస్తు, చేతిపనులు, వస్త్రరచన, చలనచిత్రము, సంగీతము, ప్రచురణ మున్నగునవి అందు చేరినవి. 2001లో బ్రిస్బేను నగరములోని క్వీన్సులాండు సాంకేతిక విశ్వవిద్యాలయము ఈ పేర నొక విద్యాశాఖనే నెలకొల్పెను. మనదేశమున విశ్వవిద్యాలయ ధనసహాయ సంఘము 2022 ఏప్రిలులో ఒకే కాలమున రెండు పట్టములకు చదువుటకు అనుమతించెను. ఇట్లు హంటరు 1851లో రెండు పాఠశాలలను ప్రక్కప్రక్కన నిలిపిన పని నేడు విద్యార్థి యొక్కని చేతి పత్రములలో నెరవేరుచున్నది.

ఇందు తల్లిదండ్రులు గ్రహింపవలసిన దేమి? రెండు పట్టములు చేత నున్నంతమాత్రమున రెండు విద్యలు వచ్చినట్లు కాదు. గీయుటకు దినమునకు కొన్ని గంటల ఏకాగ్రత కావలెను. ఒప్పందము చదువుట, రచయిత హక్కును కాపాడుకొనుట, పనికి వెలగట్టుట, లెక్క వ్రాయుట అను రెండవ విద్యకు వేరొక శ్రద్ధ కావలెను. రెండింటికిని కాలము చాలనిచో రెండును అరకొర యగును. చేరుటకు ముందు, ఒక విద్య మరియొకదానికి తోడుపడునట్లు పాఠములు అమరినవా, లేక రెండు బరువులు ఒకే వీపున వేసినారా యని విచారింపవలెను.

వేరొక సంగతి మరింత ముఖ్యము. పనివాని కుమారుడు పాఠశాలకు రాలేకపోయినచో, పట్టము పొందినవాడు కాగితముపై గీయును, పనివాడు మగ్గముపై నేయును. పేరు మొదటివానికి, కూలి రెండవవానికి. ఈ కొరత తీర్చుటకే స్వాతంత్ర్యానంతరము నేతపనివారి సేవాకేంద్రములును, 1957లో కాళహస్తిలో కలంకారీ శిక్షణకేంద్రమును వెలసెను. ఆ శిక్షణ వలననే అంతరింపనున్న విద్య నిలిచినది. షోలాపురపు నేతగాని మనుమరాలు గాని, బరంపురపు పట్టు కుటుంబములోని బాలుడు గాని ఈ రెండు విద్యల చదువునకు వెళ్లినచో, వారికి మొదటి పాఠము ఇంటిలోనే పూర్తియైనది. అది వారికి గల పెట్టుబడి. దానిని సిగ్గుపడి దాచరాదు.

కాళహస్తి పనివాడు బొమ్మ క్రింద తెలుగు వ్రాసెనని పైన చెప్పితిని. పొరుగుసీమలలో పెరుగు మన పిల్లలు బొమ్మ గీయ నేర్తురు, వ్యాపారము నేర్తురు; బొమ్మ క్రింద వ్రాయుటకు అక్షరములు మాత్రము వారికి దక్కకుండునేమో యను భయము మనకు కలదు. మూడవదియైన ఆ విద్యను ఏ విశ్వవిద్యాలయమును మనకు బదులుగా నేర్పదు. దానికి పాఠశాల మన యిల్లే, గురువు తల్లియే. బాలుడు రెండు పట్టములకు బయలుదేరు దినమున పెద్దలు మౌనము వహింపక, "వెళ్లిరా నాయనా, నీ బొమ్మ క్రింద నీ పేరు తెలుగున వ్రాసికొనుము" అని దీవించి పంపుదురు గాక!