గిడుగువారి సవర బడులు: పలుకని బాలుని ప్రశ్న

బడిలో పెదవి విప్పని బాలుని ‘మొద్దు’ అనుట మన సీమలో పాత అలవాటు. కొరాపుట్, రాయగడ ప్రాంతములలో ఇంటి భాష ఒకటి, సంత భాష మరొకటి, బడి భాష ఇంకొకటి. కువి, సవర, దేశియా, తెలుగు, ఒడియా మాటలు ఒక్క సంతలోనే వినవచ్చును. బిడ్డ మౌనమునకు కారణము చెవియా, బుద్ధియా, బడి భాషయా అని విచారింపకయే వానికి పేరు పెట్టుదుము. ఈ విషయమున ఒక తెలుగు ఉపాధ్యాయుడు నూరేండ్లకు పూర్వము చేసిన పని స్మరింపదగియున్నది.

గిడుగు వేంకట రామమూర్తి పంతులుగారు (1863–1940) 1880లో పర్లాకిమిడిలో ఉపాధ్యాయులైరి. ఆ యూరికి చేరువనే, వంశధార యొడ్డున గుణుపురము కలదు. ఆ చుట్టుపట్ల కొండలు సవరలకు నెలవు. అప్పుడు విశాఖపట్టణ మండలమున నున్న గుణుపురము 1936 ఏప్రిల్ 1న ఒడిసాలో చేరినది. 1992 నుండి రాయగడ జిల్లాలో నున్నది.

పంతులుగారు తెలుగు తెలిసిన సవరను తమ ఇంట నుంచుకొని అతని భాష నేర్చిరి. ఇచ్చట గురుశిష్యులు తారుమారైరి. తన మాట నేర్వదగినదని ఒక పంతులు ఎదుట కూర్చుండగా, ఆ సవరకు తన్ను గూర్చిన యెరుక ఎట్లు పెరిగియుండునో ఊహింపవచ్చును. పిదప వారు సవర భాషలో పుస్తకములు వ్రాసి, సొంత సొమ్ముతో బడులు పెట్టి, పిల్లలకు వారి మాటలోనే చదువు చెప్పించిరి. ప్రభుత్వము పారితోషిక మిచ్చెదమనగా వలదని, ఆ ధనముతో సవరలకు మంచి బడి పెట్టుడని కోరిరి. (వ్యావహారిక భాషకై పోరాడిన వారిని గూర్చి ఇట్లు గ్రాంథికమున వ్రాయుట చూచినచో వారు నవ్వియుందురు!)

ఆ కొండల పర్యటనలలో మన్యపు జ్వరము సోకెను. దానికై సేవించిన క్వినైను వలన వారి వినికిడి చెడెను. అయినను సవర వ్యాకరణము 1931లోను, నిఘంటువులు 1933, 1938లలోను వెలువడినవి. చెవి వినబడని వాడు చదువునకు పనికిరాడనువారికి ఇంతకు మించిన ప్రత్యుత్తరము అక్కరలేదు.

1936లోనే గుణుపుర ప్రాంతమున మంగేయి గొమాంగో సవర భాషకు ‘సొరాంగ్ సొంపెంగ్’ అను లిపిని కల్పించెను. అందలి 24 అక్షరములును దేవతల పేర్లతో ముడిపడినవి. అక్షరమే కొలుపుగా, ఆ కొలుపే కూటమిగా మారినది.

2007 నాటికి ఒడిసా ప్రభుత్వము సవర మున్నగు గిరిజన భాషలలో ప్రాథమిక విద్య నారంభించినది. 2016 నాటి వికలాంగుల హక్కుల చట్టము 21 విధముల వైకల్యములను గుర్తించినది. వినికిడి లోపమును, చదువు నేర్చుటలోని ప్రత్యేక వైకల్యమును వానిలోనివే. ఈ రెండు విషయములను కలిపి చూడవలెనని నా అభిప్రాయము. భాష రానివానిని వికలాంగుడనుట ఒక పొరపాటు. నిజముగా వినబడని బిడ్డను ‘తెలుగు రాదులే’ అని వదలుట అంతకంటె పెద్దది. ఏండ్లు గడచిన పిమ్మట గాని అది బయటపడదు.

మా బడిలో పలుకని బిడ్డను మొదట వెనుకనుండి, వాని ఇంటి భాషలో, మెల్లగా పిలిచి చూచుచున్నాము. తిరిగినచో ఆ మాట తెలిసిన తోటి బాలుని పక్కన కూర్చుండబెట్టుదుము; తిరుగకున్నచో తల్లిదండ్రులకు చెప్పి ఆసుపత్రికి పంపుదుము.