సచ్చరిత్ర నుంచి నీతిపాఠం దాకా: తెలుగులో నిజజీవిత కథల బోధన

తెలుగులో ‘చరిత్ర’ అనే మాటకు రెండర్థాలున్నాయి. ‘మనుచరిత్రము’, ‘వసుచరిత్రము’ అన్నప్పుడు అది జరిగిన కథ. ‘సచ్చరిత్రుడు’, ‘దుశ్చరిత్రుడు’ అన్నప్పుడు అది మనిషి నడవడి. నడవడమనే అర్థమున్న ‘చర’ ధాతువే ఈ రెండింటికీ మూలం. అచ్చతెలుగు ‘నడత’, ‘నడవడి’ కూడా అదే దారిలో పుట్టిన మాటలు. ఒక మనిషి నడిచిన తీరే అతని గుణం, అది చెప్పుకొంటే కథ అనే భావన ఈ పదంలోనే ఉంది. ఆధునిక పాఠశాల ఈ రెండర్థాలనూ విడదీసింది. నీతి తెలుగు వాచకానికి, చరిత్ర సాంఘిక శాస్త్రానికి చేరాయి. సామాన్యుల నిజజీవిత కథలతో పిల్లలకు గుణం నేర్పాలనే ప్రయత్నం ఈ విభజన గీత మీదే మొదటినుంచీ నిలబడి ఉంది. ఆ ప్రయత్నం తెలుగులో ఏయే రూపాలలో సాగింది, పాఠశాలలోకి వచ్చేసరికి అందులో ఏది జారిపోయింది అన్నది ఈ వ్యాస విషయం.

ఈ ప్రశ్నను నాగల్‌గిద్ద నుంచి చూడటానికి కారణం ఉంది. 2016లో సంగారెడ్డి జిల్లాలో మండలంగా ఏర్పడిన ఈ ప్రాంతం నారాయణఖేడ్ తాలూకాతో పాటు 1956 దాకా హైదరాబాదు రాష్ట్రంలోని బీదరు జిల్లాలో ఉండేది. రాష్ట్రాల పునర్విభజనలో బీదరు మైసూరుకు, నారాయణఖేడ్ ఆంధ్రప్రదేశ్‌కు వెళ్లాయి. ఇక్కడి తరగతి గదిలో తెలుగు వాచకం తెరిచే పిల్లల ఇళ్లలో కన్నడం, మరాఠీ, లంబాడీ, ఉర్దూ వినిపిస్తాయి. చెరకు కొట్టే కాలంలో తల్లిదండ్రులు వలసపోయే ఇళ్లూ ఉన్నాయి. అటువంటి పిల్లలకు ‘శ్రమయేవ జయతే’ అని చెప్పే పాఠం ఏ అర్థంలో చేరుతుందో వాచకం రాసేవారు ఆలోచించవలసిన విషయం.

సోమనాథుని సామాన్యులు

ఈ సరిహద్దుకు అవతల, ఎంతో దూరం లేని కల్యాణంలో 12వ శతాబ్దిలో బసవేశ్వరుని ఉద్యమం నడిచింది. ఆ ఉద్యమంలోని మనుషుల కథలను పాల్కురికి సోమనాథుడు ‘బసవపురాణం’లో తెలుగు ద్విపదలో చెప్పాడు. అందులో బసవేశ్వరుడు కేంద్రమే అయినా కావ్యంలో పెద్దభాగాన్ని ఆక్రమించినవారు ఇతర భక్తులు: బట్టలుతికే మడివాలు మాచయ్య, కుండలు చేసే గుండయ్య, కిన్నెర వాయించే కిన్నర బ్రహ్మయ్య. శివుడు పాలు తాగలేదని మొండికేసిన గొడగూచి చిన్నపిల్ల. వృత్తి పేరు వ్యక్తి పేరుకు ముందు నిలిచి గౌరవం పొందిన తొలి తెలుగు కావ్యాలలో ఇది ఒకటి.

ఇవి నిజజీవిత కథలేనా అన్న ఆక్షేపణ న్యాయమైనదే. అద్భుతాలు లేని కథ అందులో అరుదు. అయితే సోమనాథునికీ అతని శ్రోతలకూ వీరు కల్పిత పాత్రలు కారు. భక్తుల నోళ్లలో నిలిచిన మనుషులు. అంతకన్నా ముఖ్యమైన సంగతి ఈ కథలు చేసే పని. మాచయ్య కథ వినయాన్ని బోధించడానికి పుట్టింది కాదు. చాకలి భక్తుడు రాజుకన్నా, జన్మచేత అధికులమనుకొనేవారికన్నా తక్కువ కాడని వాదించడానికి పుట్టింది. కథలోని గుణం ఒక వివాదానికి సాక్ష్యంగా నిలిచింది. ఈ అంశాన్ని గుర్తుంచుకోవాలి. తర్వాతి పుస్తకాలను కొలవడానికి ఇదే కొలబద్ద.

అచ్చమాంబ ఎంచుకొన్న మాట

సోమనాథుని నుంచి 19వ శతాబ్దికి రావడం పెద్ద దూకుడే. కాని పాఠశాల వాచకం అనే వస్తువు పుట్టింది అక్కడే. 1853లో వెలువడిన పరవస్తు చిన్నయసూరి ‘నీతిచంద్రిక’ మిత్రలాభ, మిత్రభేదాలను ప్రౌఢ గ్రాంథిక వచనంలో చెప్పింది. కొక్కొండ వెంకటరత్నం, కందుకూరి వీరేశలింగం మిగిలిన భాగాలను పూరించారు. తరాలపాటు విద్యార్థులు తెలుగు వచనమంటే ఏమిటో ఈ పుస్తకంతోనే నేర్చుకొన్నారు. దాని భాషా ప్రభావం గురించి మన విమర్శ చాలా మాట్లాడింది, కథారూప ప్రభావం గురించి తక్కువగా మాట్లాడింది. పంచతంత్ర సంప్రదాయపు కథలో నీతి ముందు, కథ తర్వాత. చెప్పదలచిన నీతికి తగినట్టు కాకి, ఎలుక, తాబేలు కదులుతాయి. నీతి దొరికిన తర్వాత వాటికి మిగిలిన జీవితం లేదు. ‘ఈ కథలోని నీతి ఏమిటి?’ అనే ప్రశ్న ఈ రూపానికి సహజమైనది, సరిపోయేది. ఈ వ్యాసకర్త చదువుకొన్న రోజుల్లోనూ పాఠం చివర ఆ ప్రశ్న తప్పనిసరిగా ఉండేది.

భండారు అచ్చమాంబ ఈ రూపాన్ని వదిలి నిజమైన మనుషుల వద్దకు వెళ్లింది. 1874లో పెనుగంచిప్రోలులో పుట్టిన ఆమెకు బడి చదువు లేదు. తమ్ముడు కొమర్రాజు లక్ష్మణరావు చదువుకొంటుంటే పక్కన కూర్చొని నేర్చుకొంది. హిందీ, మరాఠీ చదవగలిగింది. ‘అబలా సచ్చరిత్ర రత్నమాల’ మొదట వీరేశలింగం ‘చింతామణి’లో వెలువడి, 1901లో మొదటి భాగం పుస్తకమైంది. చారిత్రక స్త్రీలు, వేదపురాణ కాలపు స్త్రీలు, విదేశీ స్త్రీలు అని మూడు భాగాల ప్రణాళిక ఆమెది. 1905లో, ముప్పయ్యో ఏట మరణించడంతో అది పూర్తికాలేదు.

ఆమె ప్రణాళికలో చారిత్రక స్త్రీలకు మొదటి స్థానం దక్కడం యాదృచ్ఛికం కాదు. పురాణ స్త్రీలు తెలుగు పాఠకులకు ముందే తెలుసు. వారి గుణాలను కాదనేవారూ లేరు. కాని స్త్రీలు స్వభావం చేత బలహీనులని, వివేకహీనులని, చదువు వారిని చెడగొడుతుందని అనేవారు ఆనాడు బలంగా ఉన్నారు. వారికి జవాబు చెప్పడమే తన ఉద్దేశమని అచ్చమాంబ పీఠికలో స్పష్టం చేసింది. సీత, సావిత్రి ఈ వాదానికి సాక్షులుగా పనికిరారు. వారు దేవతాంశలని ఎదుటివారు ఒక్క మాటతో తోసిపుచ్చగలరు. ఉన్నారనడానికి ఆధారం కలిగిన, పాలించిన, చదివిన, రాసిన స్త్రీలు కావాలి. కనుక ఆమె పుస్తకంలో ‘నిజం’ అనేది అలంకారం కాదు, వాదంలో భాగం.

పేరు కూడా ఆలోచించదగినదే. ‘శీలం’ అనే మాట స్త్రీల విషయంలో క్రమంగా పాతివ్రత్యమనే ఒక్క అర్థానికి కుదించుకుపోయింది. నేటి వాడుకలోనూ పురుషుని శీలం వేరు, స్త్రీ శీలం వేరు. ‘సచ్చరిత్ర’ ఆ ఇరుకులో పడదు. రాజ్యం నడిపినదీ, గణితం తెలిసినదీ, కవిత్వం చెప్పినదీ అందులో ఇముడుతుంది. ‘అబల’ను ‘సచ్చరిత్ర’ పక్కన పెట్టడంలో ఒక వ్యంగ్యం కూడా ఉందని నా అభిప్రాయం. పుస్తకం చదివి ముగించేసరికి మొదటి పదం నిలబడదు.

ఒకే ఏడు, రెండు మార్గాలు

1906లో హైదరాబాదులో రెండు సంస్థలు పుట్టాయి. మన సాహిత్య చరిత్రలు మొదటిదాన్ని వివరంగా చెబుతాయి, రెండోదాన్ని సామాజిక చరిత్రకారులకు వదిలేస్తాయి.

మొదటిది విజ్ఞానచంద్రికా గ్రంథమండలి. అచ్చమాంబ పక్కన కూర్చొని పాఠాలు నేర్చుకొన్న ఆ తమ్ముడు లక్ష్మణరావే దాని ప్రధాన నిర్మాత. 1907లో వెలువడిన తొలి ప్రచురణ గాడిచర్ల హరిసర్వోత్తమరావు రాసిన ‘అబ్రహాం లింకన్ చరిత్రము’. కట్టెల గుడిసెలో పుట్టిన పరదేశి కథతో ఒక తెలుగు గ్రంథమాల ప్రారంభం కావడంలో ఉద్దేశం దాగనిది. బానిసత్వాన్ని రద్దుచేసిన మనిషి చరిత్ర వలస పాలనలోని పాఠకుడికి వినోదం కోసం కాదు. ఆ ఏడే గాడిచర్ల వందేమాతరం బిళ్ల పెట్టుకొన్నందుకు రాజమండ్రి ఉపాధ్యాయ శిక్షణ కళాశాల నుంచి బహిష్కృతుడయ్యాడు. మరుసటి ఏడు ‘స్వరాజ్య’ పత్రికలోని రాతకు జైలుకు వెళ్లాడు. బడిలో పాఠం చెప్పే అర్హత పోగొట్టుకొన్న మనిషి రాసిన చరిత్ర బడి బయట పాఠమైంది.

రెండోది జగన్మిత్ర మండలి. స్థాపించిన మాదరి భాగయ్య తర్వాత భాగ్యరెడ్డి వర్మగా ప్రసిద్ధుడు. అస్పృశ్యులుగా చూడబడిన కులాల వాడలలో ఆయన మొదట ఎంచుకొన్న సాధనం పుస్తకం కాదు, హరికథ. అక్షరం రానివారికి కథ ద్వారా ఆత్మగౌరవం చెప్పే ప్రయత్నమది. ఆ తర్వాత 1911లో మన్యసంఘం, దళిత బాలల కోసం బడులు, 1917లో బెజవాడ సభలో ‘పంచమ’ పదాన్ని తిరస్కరించి ‘ఆది ఆంధ్ర’ అనడం వచ్చాయి. పేరు మార్చుకోవడం కూడా చరిత్ర రాసుకోవడంలో భాగమే.

తెలంగాణ పదవ తరగతి తెలుగు వాచకంలోకి కృష్ణస్వామి ముదిరాజ్ రచన ‘భాగ్యోదయం’ వచ్చినప్పుడు ఈ రెండు మార్గాలూ తరగతి గదిలో కలిశాయి. నా దృష్టిలో అది విజయవంతమైన ఎంపిక. వర్మ దేనితో పోరాడాడో చెప్పకుండా ఆ పాఠం సాగదు. అస్పృశ్యత అన్న మాట తీసేస్తే అందులో మిగిలేది ఏమీ లేదు.

పాలకుర్తిలో రెండు చరిత్రలు

ఇదే మాట అన్ని పాఠాల గురించీ అనలేం. చాకలి ఐలమ్మ ఉదాహరణ చూద్దాం. ఆమె పాలకుర్తివాసి, సోమనాథుని జన్మస్థలంగా ఎక్కువమంది పండితులు అంగీకరించే ఊరు కూడా అదే. మాచయ్య కథను కావ్యానికెక్కించిన కవి ఊళ్లో, ఏడు శతాబ్దాల తర్వాత, ఒక చాకలి స్త్రీ నాలుగెకరాల పొలం కోసం విసునూరు దేశ్‌ముఖ్ రాపాక రామచంద్రారెడ్డిని ఎదిరించింది. పంటను ఎత్తుకుపోవడానికి మనుషులు వచ్చారు. సంఘం కార్యకర్తలు నిలబడి ధాన్యాన్ని ఆమె ఇంటికి చేర్చారు. ఆమె కుటుంబం జైళ్లు, దాడులు ఎదుర్కొంది. 1985లో ఆమె మరణించింది. 2024లో హైదరాబాదు కోఠిలోని మహిళా విశ్వవిద్యాలయానికి ఆమె పేరు పెట్టారు.

ఇప్పుడు ఐలమ్మ జయంతి, వర్ధంతి పాఠశాలలకు చేరాయి. సభల్లో వినిపించే ప్రసంగాలలో ఒక మాట స్థిరపడింది: ధైర్యం. అది అబద్ధం కాదు. కాని వెట్టి ఏమిటి, దేశ్‌ముఖ్ ఎవరు, కౌలు భూమి మీద హక్కు ఎవరిది, సంఘం ఆమె వెంట ఎందుకు నిలిచింది అనే నాలుగు ప్రశ్నలు తీసేస్తే మిగిలే ధైర్యం నీతిచంద్రికలోని ఎలుక వివేకం లాంటిదే అవుతుంది. ఎక్కడైనా అతికించవచ్చు. ఇక్కడే రూపం చేసే అన్యాయం కనిపిస్తుంది. నీతికథకు తగిన ప్రశ్నను జీవితకథకు వేస్తే, జీవితంలోని ఎదుటి పక్షం మాయమై గుణనామం ఒక్కటే జవాబుగా వస్తుంది. దీనిని ఉపాధ్యాయుని లోపంగా చూడటం సరికాదు. వాచక రచనా సంప్రదాయం ఆయనకు ఇచ్చిన ప్రశ్న అది.

‘పసివాళ్లకు తగాదాలు ఎందుకు?’ అని కొందరు పెద్దలు అడుగుతారు. గొడగూచి కథ విన్న పిల్లలకు పసితనం అడ్డురాలేదు. హరికథలు విన్న వాడలలోని పిల్లలకు తగాదా ఏమిటో ఎవరూ ప్రత్యేకంగా నేర్పవలసిన అవసరమూ లేకపోయింది. సురవరం ప్రతాపరెడ్డి 1949లో ‘ఆంధ్రుల సాంఘిక చరిత్ర’ వెలువరించి, రాజుల యుద్ధాలు మాత్రమే చరిత్ర కాదని, సామాన్యులు తిన్నది, కట్టుకొన్నది, ఆడుకొన్నది కూడా చరిత్రేనని నిలబెట్టారు. ఆ గ్రంథానికే తెలుగులో తొలి కేంద్ర సాహిత్య అకాడమీ పురస్కారం వచ్చింది. విశ్వవిద్యాలయం ఆ దృష్టిని స్వీకరించింది. ప్రాథమిక వాచకం దాకా అది పూర్తిగా దిగలేదు.

పాఠం తర్వాత

ఇటీవలి కాలంలో సజీవులైన సామాన్యులు పాఠాలలోకి వచ్చారు. ఖమ్మం జిల్లా రెడ్డిపల్లిలో జీవితమంతా మొక్కలు నాటిన దరిపల్లి రామయ్యకు 2017లో పద్మశ్రీ వచ్చింది. ఆయన కథ తెలంగాణ వాచకంలో చేరింది. మెడలో నినాదాల పలకలు తగిలించుకొని సైకిలు మీద తిరిగిన ‘వనజీవి’ చిత్రం పిల్లలకు వెంటనే పట్టుబడుతుంది. ఆయనతో పాటు విత్తనాలు ఏరి, మొక్కలు పెంచిన భార్య జానమ్మ ఆ చిత్రంలో అంచుకు వెళ్తుంది. అచ్చమాంబ ఉంటే ఎవరి చరిత్ర ముందు రాసేదో ఊహించడం కష్టం కాదు.

పన్నెండు మెట్ల కిన్నెర కళాకారుడు దర్శనం మొగిలయ్య మరో ఉదాహరణ. కిన్నర బ్రహ్మయ్యను కావ్యంలో నిలిపిన భాషలో కిన్నెర వాద్యకారుడు మళ్లీ పాఠమయ్యాడు. 2022లో ఆయనకు పద్మశ్రీ వచ్చింది. 2024 మే నెలలో ఆయన హైదరాబాదు శివారులో భవన నిర్మాణపు కూలిపనికి వెళ్తున్న వార్త ఫొటోలతో సహా పత్రికలలో వచ్చింది. వాచకం ఒక చేతిలో, ఆ పత్రిక మరో చేతిలో పట్టుకొన్న విద్యార్థి ఉన్నాడనుకొందాం. ‘ఈ పాఠంలోని నీతి ఏమిటి?’ అనే ప్రశ్న కన్నా ముందు అతనికి తోచేది వేరు: ‘పద్మశ్రీ వచ్చినాయన కూలికి ఎందుకు పోయిండు సార్?’ నీతిచంద్రికలోని ఎలుక గురించి అటువంటి సందేహం ఎవరికీ రాదు. కథ ముగిశాక దానికి కూలి లేదు, ఇల్లు లేదు, ముసలితనం లేదు.

నాగల్‌గిద్ద లాంటి చోట ఆ సందేహం అడిగే పిల్లవాడికి కూలిపని వినికిడి విషయం కాదు. ఆ ఏడు చెరకు కొట్టడానికి వెళ్లినవారిలో అతని తల్లి ఉండవచ్చు. ఆమె ఎప్పుడు వెళ్లింది, ఏ ముకద్దం చేత అడ్వాన్సు తీసుకొంది, ఎన్నాళ్లకు తిరిగివచ్చింది, ఆమె లేనప్పుడు చెల్లెలికి వండిపెట్టింది ఎవరు అన్నవి తన నోట్‌బుక్కులో, తన ఇంటి మాటల్లో అతను రాయగలడు. అటువంటి రాతను తెలుగు వాచకంలో ‘వ్యాసం’ కింద ఉంచాలా, సాంఘిక శాస్త్రంలో ‘ప్రాజెక్టు’ కింద ఉంచాలా అన్నది ఇప్పటికైతే ఏ ఉపాధ్యాయునికీ స్పష్టం కాదు.