తాకట్టుకు నిలబడిన కుక్క: తండా చరిత్రలో ఒక నమ్మకం కథ

తండా అంటే ఇప్పుడు మనకు ఊరు. ఇందల్వాయి, సిరికొండ, ధర్పల్లి అడవి అంచున ఉన్నా, బోధన్, వర్ని వైపు కాలువల కింద ఉన్నా దానికో పేరుంది, పంచాయతీ ఉంది, ఓటరు జాబితా ఉంది. మన తాతల తాతలకు మాత్రం తండా అంటే నడిచే బిడారు. ముందు నాయక్, వెనక వందల ఎద్దులు, వాటి మీద ఉప్పు, ధాన్యం గోనెలు, పక్కన ఆడవాళ్లు, పిల్లలు. ఈ లదేనీ వ్యాపారం గురించి మన సభల్లో తరచుగా వింటూనే ఉంటాం. బిడారుకు కావలి కాసిన కుక్క గురించి మాత్రం వినేది తక్కువ. ఈ వ్యాసంలో దాని గురించే చెప్పుకుందాం.

ఆ బిడార్లు ఎంత పెద్దవో పరాయి దేశస్థులు రాసి పెట్టారు. పీటర్ మండీ అనే ఇంగ్లీషు వర్తకుడికి 1632లో దారిలో ఒక తండా ఎదురైంది. అందులో 14,000 ఎద్దులు ఉన్నాయని ఆయన రాశాడు. ఫ్రెంచి యాత్రికుడు టావెర్నియే కూడా పది, పన్నెండు వేల ఎద్దుల బిడార్లను చూశానన్నాడు. అంత సొత్తుకు రాత్రిపూట గోడ లేదు, తలుపు లేదు. దించిన గోనెలే గోడ, కుక్కలే తలుపు. పులి వచ్చినా దొంగ వచ్చినా ముందు తెలిసేది వాటికే. 19వ శతాబ్దపు ఇంగ్లీషువాళ్ల పుస్తకాల్లో 'బ్రింజారీ కుక్క' అని మన పేరుతోనే ఒక జాతి కుక్క కనిపిస్తుంది. సన్నని నడుము, పొడవాటి కాళ్లు ఉన్న వేటకుక్క అది. మహారాష్ట్ర, కర్ణాటక పల్లెల్లో ఇప్పటికీ 'కారవానీ' అని పిలిచే కుక్క ఉంది. ఆ పేరులో కూడా బిడారు దాగి ఉంది.

ఆ కాలం నుంచి మనదాకా వచ్చిన కథ ఒకటుంది. ఒక బంజారాకు కష్టకాలం వచ్చింది. షావుకారు దగ్గర అప్పు తీసుకున్నాడు. తాకట్టు పెట్టడానికి భూమి లేదు. అందుకని తన కుక్కను అక్కడ వదిలి వెళ్లాడు. కొన్నాళ్లకు షావుకారు ఇంట్లో దొంగలు పడ్డారు. వాళ్లు సొమ్మును ఎక్కడ దాచారో కుక్క వెంటపడి చూసి, తెల్లారాక షావుకారును అక్కడికి తీసుకుపోయింది. షావుకారు సంతోషించి, అప్పు తీరిపోయిందని చీటీ రాసి, కుక్క మెడకు కట్టి పంపించేశాడు. తన వైపు వస్తున్న కుక్కను బంజారా దూరం నుంచే చూశాడు. తాకట్టు తెంపుకుని పారిపోయి వచ్చింది, నా మాట పోయింది అనుకున్నాడు. కోపంతో కొట్టి చంపాడు. చీటీ ఆ తర్వాతే కంటపడింది. కుమిలిపోయి, కుక్క పేరు మీద గుడి కట్టించాడు.

ఛత్తీస్‌గఢ్‌లోని బాలోద్ జిల్లా ఖప్రీ గ్రామంలో కుకుర్‌దేవ్ గుడి దగ్గర ఈ కథే చెబుతారు. మధ్యప్రదేశ్‌లోని డిండోరీ జిల్లా కుకర్రామఠ్‌లోనూ ఇదే కథ. అక్కడి శివుడిని ఋణముక్తేశ్వరుడు అంటారు. ఈ రెండూ పాత శివాలయాలే. ఒకే కథ రెండు చోట్ల ఉందంటే ఏది నిజమని వాదించుకోనక్కర్లేదు. బిడార్లు నడిచిన దారుల్లో ఉప్పుతో పాటు కథలూ నడిచాయి. ఇలాంటి కథ మన దగ్గరే పుట్టిందనీ అనలేం. బ్రిటన్‌లోని వేల్స్‌లో బెడ్‌గెలర్ట్ అనే ఊరుంది. బిడ్డను తోడేలు నుంచి కాపాడిన కుక్కను యజమాని తొందరపడి చంపాడని అక్కడ సమాధి చూపిస్తారు. పాము నుంచి బిడ్డను కాపాడిన ముంగిస కథ మన పంచతంత్రంలో ఉండనే ఉంది. కానీ ఆ రెండు కథల్లో బిడ్డ ఉంది. మన కథలో అప్పు ఉంది, మాట ఉంది. తేడా అక్కడే.

ఆస్తి లేనివాడు పూచీగా ఏమి ఇవ్వగలడు? ఎద్దులను ఇస్తే బతుకుదెరువు పోతుంది. అందుకే ఇంటి మనిషిలాంటి కుక్కను ఇచ్చాడు. సంతలో దాని ధర ఎంతైనా కావచ్చు, షావుకారు నమ్మింది మాత్రం బంజారా మాటను. ఆ మాట తప్పిపోయిందన్న భయమే అతని చేత కర్ర ఎత్తించింది.

అలాంటి మాట మీద బతికినవాళ్లకు తర్వాతి కాలం వేసిన ముద్ర వేరు. రోడ్లు, రైళ్లు వచ్చాక ఎద్దు మీద సరుకుకు గిరాకీ పోయింది. ఇందూరు మీదుగా మన్మాడ్ రైలు నడవడం మొదలయ్యాక బిడారుకు పనేముంది? బ్రిటిష్ పాలకులు 1871లో నేరస్థ తెగల చట్టం తెచ్చారు. నిజాం రాజ్యంలోనూ లంబాడీలను అనుమానంగా చూసి, నిఘా పెట్టారు. ఈ చరిత్రను భంగ్యా భూక్యా తన పుస్తకంలో వివరంగా రాశారు, యువత తప్పక చదవాలి. స్వాతంత్ర్యం తర్వాత 1952లో ఆ చట్టం రద్దయింది. 1976 సవరణతో తెలంగాణ లంబాడీలు షెడ్యూల్డ్ తెగల జాబితాలో చేరారు.

బిడారు ఆగింది, కుక్క పని మాత్రం ఆగలేదు. 1931లో నిజాంసాగర్ పూర్తయింది. 1937లో బోధన్ శక్కర్‌నగర్‌లో నిజాం షుగర్ ఫ్యాక్టరీ వెలిసింది. చెరుకు తోటలు పెరిగాయి. గోనెలకు కాసిన కావలి ఇప్పుడు మేకలకు, కోళ్లకు, పంటకు మారింది. చెరుకులోకి, మక్కలోకి అడవి పందులు పడితే ముందు మొరిగేది కుక్కే. 2015 డిసెంబరులో ఫ్యాక్టరీ మూతపడింది. కొందరు గల్ఫ్‌కు, కొందరు హైదరాబాద్‌కు వెళ్లారు. ఇంటికి తాళం పడితే కుక్క వాకిట్లోనే మిగిలిపోతుంది. నాలుగు రోజులు ఎదురుచూసి, తర్వాత వీధి పాలవుతుంది. నిన్నటిదాకా పేరున్న కుక్కను రేపటి నుంచి 'వీధి కుక్క' అంటాం. అది కరిస్తే చంపేయమంటాం.

ఇక్కడే మన కథను మళ్లీ గుర్తు చేసుకోవాలి. 2018 చట్టంతో మన తండాలు ఎన్నో పంచాయతీలయ్యాయి. కుక్కలకు కుటుంబ నియంత్రణ ఆపరేషన్లు, రేబీస్ టీకాలు వేయించే బాధ్యత స్థానిక సంస్థలదేనని 2023 నాటి కేంద్ర నిబంధనలు చెబుతున్నాయి. అంటే ఆ బాధ్యత ఇప్పుడు మన చేతిలోనే ఉంది. పశువైద్యశాల వాళ్లను పిలిపించి తండాలో టీకా శిబిరం పెట్టమని గ్రామసభలో అడగవచ్చు. విషం పెట్టి చంపడం నేరం. ఖప్రీ గుడి చుట్టూ ప్రదక్షిణ చేస్తే కుక్క కాటు నయమవుతుందని అక్కడివారి నమ్మకం. గుడికి దండం పెట్టుకోండి, కానీ కుక్క కరిస్తే వెంటనే గాయాన్ని పదిహేను నిమిషాలు సబ్బుతో, పారే నీళ్లతో కడిగి, ఆలస్యం చేయకుండా ప్రభుత్వ ఆసుపత్రికి వెళ్లి టీకా వేయించుకోండి. రేబీస్ లక్షణాలు బయటపడ్డాక కాపాడటం దాదాపు అసాధ్యం.

తమ్ముళ్లూ, చెల్లెళ్లూ, మీ ఇంట్లో పెద్దవాళ్లను ఒకసారి అడగండి: మన ఇంట్లో ఏ కుక్కలుండేవి, వాటిని ఏమని పిలిచేవారు, అవి ఏమేమి కాపాడాయి? మన గోర్ మాటల్లోనే రాసి పెట్టండి. మన చరిత్రలో ఎక్కువ భాగం కాగితం మీద లేదు, వాళ్ల నోటి మీదే ఉంది. ఆ బంజారా చీటీ చదవకముందే కర్ర ఎత్తాడు. చదువుకున్న తరం మనది, ముందు చీటీ చదువుదాం.