కరాచీ వీడియో, గద్వాల డప్పు, మనోహరాబాద్ రేకుల గదులు

2018 వేసవిలో తెలంగాణ పల్లెల్లో ఫోను నుంచి ఫోనుకు ఒక వీడియో తిరిగింది. బైకు మీద ఇద్దరు వస్తారు, వీధిలో ఆడుకుంటున్న పిల్లవాణ్ణి ఎత్తుకుపోతారు. నిజానికి అది కరాచీలో పిల్లల భద్రత గురించి తల్లిదండ్రులను హెచ్చరించడానికి తీసిన ప్రచార చిత్రం. చివర్లో పిల్లవాణ్ణి వెనక్కి తెచ్చి దించేస్తారు, హెచ్చరిక చూపిస్తారు. ఆ చివరి ముక్కను ఎవరో కోసేశారు. పిల్లల్ని ఎత్తుకుపోయే ముఠాలు తిరుగుతున్నాయన్న పుకారుతో దేశంలో తిరిగిన మరో దృశ్యంలో వరసగా పడుకోబెట్టిన పిల్లల శవాలున్నాయి. అవి 2013లో సిరియాలోని ఘౌటా మీద జరిగిన విషవాయువు దాడిలో చనిపోయిన పిల్లలవి.

తప్పుడు సమాచారం మీద రాసే రాజకీయ విశ్లేషకులు సాధారణంగా విదేశీ గూఢచార సంస్థల నుంచో, ఎన్నికల్లో జోక్యం నుంచో మొదలుపెడతారు. ఆ పద్ధతి ఇక్కడ పనికిరాదు. ఇస్లామాబాద్‌లోనో డమాస్కస్‌లోనో కూర్చుని పాలమూరు మీద కుట్ర పన్నిన వాడెవడూ లేడు. ప్రపంచ రాజకీయాలు మన ఊరికి చేరింది ఊరు తప్పిన దృశ్యాలుగా. దృశ్యం అబద్ధం కాదు, దాని చిరునామా అబద్ధం.

కొత్త చిరునామా రాసింది మాత్రం మన పాత భయమే. ఆ పుకార్లలో పదేపదే వినిపించింది ‘పార్థీ గ్యాంగ్’ అన్న మాట. 1871 నాటి నేరస్థ తెగల చట్టం కింద బ్రిటిష్ వాళ్లు కొన్ని సంచార జాతులకు పుట్టుకతోనే దొంగలన్న ముద్ర వేశారు. పార్థీలూ అందులో ఉన్నారు. 1952లో చట్టం రద్దయింది, ముద్ర పోలేదు. కరాచీ వీడియోకు తెలంగాణలో అంత తేలిగ్గా నమ్మకం దొరకడంలో ఆ ముద్రకూ వాటా ఉంది.

ఈ పుకార్లను ఎదుర్కోవడానికి అప్పట్లో జోగులాంబ గద్వాల జిల్లా ఎస్పీగా ఉన్న రెమా రాజేశ్వరి ఎంచుకున్న దారి వేరు. గద్వాల, వనపర్తి జిల్లాల్లోని సుమారు 400 గ్రామాలకు ఊరికొక పోలీసును కేటాయించారు. వాళ్లు గడపగడపకూ తిరిగారు, గ్రామ వాట్సాప్ గ్రూపుల్లో చేరారు, పుకార్ల మీద పాటలు కట్టి డప్పు కొట్టి పాడించారు. ఫోన్లో వచ్చిన మాటను ఊళ్లో తెలిసిన మనిషి నోట కాదనిపించడమే కిటుకు. అయితే వాట్సాప్ గ్రూపులో కూర్చున్న కానిస్టేబుల్ పుకార్లు మాత్రమే చదవడు కదా. ఈ పద్ధతిని మెచ్చుకున్న చాలామంది ఈ సంగతి దగ్గర ఆగలేదు.

అదే ఏడాది జూలై 13న, తెలంగాణ సరిహద్దుకు అవతల బీదర్ జిల్లా ముర్కిలో, హైదరాబాద్ నుంచి వెళ్లిన యువ ఇంజనీరును గుంపు కొట్టి చంపింది. పిల్లలకు చాక్లెట్లు ఇవ్వడమే అనుమానానికి కారణం. అతను ఉన్న కారు కంటే ముందే వాట్సాప్ సందేశం ముర్కి చేరింది. నాలుగు రోజులకు, జూలై 17న, తెహసీన్ పూనావాలా కేసులో సుప్రీంకోర్టు మూకదాడుల నివారణకు ప్రతి జిల్లాలో ఎస్పీ స్థాయికి తగ్గని నోడల్ అధికారిని నియమించాలని ఆదేశించింది. అదే నెలలో వాట్సాప్ మన దేశంలో ఒక సందేశాన్ని ఒకసారికి ఐదు చాట్లకు మించి ఫార్వర్డ్ చేయకుండా కట్టడి పెట్టింది. వేగం తగ్గించడం మేలే, కానీ ముర్కికి ఐదు కూడా ఎక్కువే.

ఇక మనోహరాబాద్. మెదక్ జిల్లాలో, 44వ నంబరు జాతీయ రహదారి మీద, సికింద్రాబాద్–మన్మాడ్ రైలు మార్గంలో ఉన్న ఊరు. చుట్టూ ఫ్యాక్టరీలు. వాటిలో పనికి బిహార్ నుంచి, ఒడిశా నుంచి వచ్చినవాళ్లు రేకుల గదుల్లో ఉంటారు. గద్వాల నమూనాను ఇక్కడికి యథాతథంగా తేలేకపోవడమే ఈ వ్యాసం లేవనెత్తే చిక్కు. తెలుగులో వేసిన చాటింపు ఆ గదుల్లోకి చేరదు. ఆ గదుల్లోని ఫోన్లకు వచ్చే హిందీ, ఒడియా ఫార్వర్డ్‌లు ఊరి గ్రూపుల్లో కనిపించవు. పైగా పిల్లల్ని ఎత్తుకుపోయే ముఠా పుకారు పుడితే ముందు అనుమానం పడేది ఆ గదుల వాళ్ల మీదే. భయపడేదీ, భయపెడుతున్నాడని నిందపడేదీ ఒకే మనిషి.

కాబట్టి ఇక్కడ ప్రజాస్వామ్యపు నిబ్బరాన్ని కొలవాలంటే ఫ్యాక్ట్‌చెక్‌లు ఎన్ని వచ్చాయో లెక్కపెట్టి లాభం లేదు. ఎవరి మాట ఎవరు వింటారో చూడాలి. కొత్తగా వచ్చిన కార్మికుడికి తెలిసిన మొహాలు మూడే: పనిలో పెట్టిన మేస్త్రీ, ఉద్దెర ఇచ్చే కిరాణా కొట్టాయన, మొదటి తారీఖున అద్దెకు వచ్చే గది యజమాని. ఊరికి ఆ కార్మికుడి తరఫున ‘ఇతను నాకు తెలుసు’ అని చెప్పగలిగేదీ ఆ ముగ్గురే. నోడల్ అధికారి ముందుగా కలవాల్సింది వీళ్లను, అదీ పుకారు పుట్టకముందు.